కప్పులో ఏముందని అడగాలా?

క్యాంప్‌గ్రౌండ్‌లో మందు విషయంలో పోలీసు గట్టిగా ఉండాలా, చూసీచూడనట్టు పోవాలా? టెక్సస్ పార్కుల్లో టెంట్లు వేసే తెలుగువాళ్లకు ఇది కాలక్షేపం చర్చ కాదు.

శుక్రవారం సాయంత్రమైతే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్టేట్ పార్కుల గేట్ల దగ్గర కార్లు బారులు తీరతాయి. వాటిలో తెలుగు కుటుంబాల కార్లు ఇప్పుడు మామూలైపోయాయి. సైటుకు ఎనిమిది మందిని మించనివ్వరు కాబట్టి నాలుగైదు సైట్లు పక్కపక్కన దొరికేలా ముందే బుక్ చేసుకుంటారు. మసాలా పట్టించిన మటన్ ఒక ఐస్ పెట్టెలో, పిల్లల జ్యూసులు ఇంకో పెట్టెలో, బీర్లు మూడో పెట్టెలో. చీకటి పడ్డాక నెగడు చుట్టూ కుర్చీలు చేరతాయి, మూడో పెట్టె తెరుచుకుంటుంది. బీరు కొందరు ఎర్ర ప్లాస్టిక్ కప్పుల్లో ఒంపుకుంటారు. కొందరు బ్రాండు పేరు కనపడకుండా డబ్బాకు ఫోమ్ తొడుగు తొడుగుతారు.

కాసేపటికి పార్కు పోలీసు బండి మెల్లగా వచ్చి రోడ్డు వారన ఆగుతుంది. టార్చి వెలుగు నేల మీదే ఉంటుంది, ముఖాల మీద పడదు. ఒకాయన కప్పును కుర్చీ కాలి పక్కకు దించుతాడు. "బావా, కదలకుండా కూర్చో" అని పక్కనున్నాయన గొణుగుతాడు. అంతా బాగుందా అని పలకరించి, పది దాటాక పాటలు వద్దని, తిండి సామాను కార్లో పెట్టుకోమని చెప్పి ఆఫీసర్ వెళ్లిపోతాడు. ఆ కప్పులో ఏముందో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి వీళ్లకూ తెలుసు.

చాలా రాత్రులు ఇలాగే గడుస్తాయి. కానీ వేరే పార్కులో, వేరే రాత్రి, వేరే ఆఫీసర్ అదే కప్పును చూపించి "అందులో ఏముంది?" అని అడగొచ్చు. అడిగే అధికారం ఆయనకు పూర్తిగా ఉంది. టెక్సస్ స్టేట్ పార్కుల నిబంధన ప్రకారం బహిరంగంగా మద్యం తాగకూడదు, నలుగురికీ కనపడేలా పెట్టుకోకూడదు. పార్కు నిబంధన మీరితే 25 నుంచి 500 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. స్టేట్ పార్క్ పోలీసులు కాపలాదారులు కారు. రాష్ట్రం నియమించిన పూర్తి స్థాయి శాంతిభద్రతల అధికారులు. నడుముకు తుపాకీ, సంకెళ్లు ఉంటాయి.

క్యాంపర్లు మాత్రం తమకు తాముగా ఒక లెక్క వేసుకున్నారు. కప్పులో ఉంటే కనపడనట్టే, టెంటులోనో ఆర్‌వీ బండిలోనో తాగితే సొంత ఇంట్లో తాగినట్టే అంటారు. ఏళ్ల తరబడి ఈ లెక్కతోనే పార్కులు నడుస్తున్నాయి. ఇలా నడవడం మంచిదేనా అన్నదే అసలు తగాదా.

గట్టిగా ఉండాలనేవాళ్లు చాదస్తులు కారు

ఈ చర్చలో కఠినంగా ఉండాలనేవాళ్లను సరదా తెలియని మనుషులుగా తీసిపారేయడం తేలిక. నేను ఆ పని చేయను. వాళ్ల దగ్గరున్న మొదటి సాక్ష్యం నీళ్లు.

టెక్సస్‌లో పేరున్న పార్కుల్లో చాలావాటికి నదో చెరువో ఆనుకుని ఉంటుంది. గార్నర్ పార్కు ఫ్రియో నది ఒడ్డున ఉంది, ఇంక్స్ లేక్ పేరులోనే చెరువుంది. పెద్దవాళ్లు, టీనేజీ పిల్లలు నీటి వినోదాల్లో మరణించిన ఘటనల్లో 70 శాతం దాకా మద్యం ప్రమేయం ఉంటుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. మందు తాగినవాడికి లోతు అంచనా తప్పుతుంది, చల్లటి నీటిలో ఒంటి వేడి త్వరగా పోతుంది, పైగా తనకేమీ కాదన్న ధైర్యం వస్తుంది. పడవ నడిపేవాళ్లకు అందుకే టెక్సస్‌లో కారు నడిపేవాళ్లకున్న పరిమితే ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ తేలితే, మొదటిసారి దొరికినా, కేసు కనీసం 72 గంటల జైలు దాకా వెళ్తుంది.

వేసవి వచ్చిందంటే అమెరికా చెరువుల్లో, జలపాతాల దగ్గర తెలుగు కుర్రాళ్లు మునిగిపోయారన్న వార్త మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. తానా, ఆటా లాంటి సంఘాలు భౌతికకాయాలను ఊళ్లకు పంపే ఏర్పాట్లు చూస్తున్నాయి. వాటన్నిటికీ మందే కారణమనడం ఆ కుటుంబాలకు చేసే అన్యాయం. ఈత రాకపోవడం, లైఫ్ జాకెట్ వేసుకోకపోవడం, నీటి వేగం తెలియకపోవడం ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. అయితే ఈత రాని మనిషికి ఒడ్డున రెండు బీర్లు తాగించి నీళ్లలోకి పిలిస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. నీటి అంచున నిలబడి గట్టిగా మాట్లాడే పోలీసు నాకు ఎప్పుడూ ఎక్కువ అనిపించలేదు.

రెండో సాక్ష్యం చక్రాలు. క్యాంప్‌గ్రౌండ్ దారుల్లో సంధ్యవేళ పిల్లలు సైకిళ్ల మీద తిరుగుతుంటారు. ఐస్ అయిపోయిందని, బొగ్గులు కావాలని రాత్రి తొమ్మిదికి కారు తీసేవాడు ఆ దారుల్లోంచే వెళ్లాలి.

మూడోదాని గురించి మగవాళ్లు తక్కువ మాట్లాడతారు. క్యాంప్‌గ్రౌండ్‌లో బాత్రూములు ఉమ్మడివి. అర్ధరాత్రి చంటిపిల్లను ఎత్తుకుని, చేతిలో చిన్న టార్చితో, కేకలు పెడుతూ తాగుతున్న పదిమంది మగాళ్ల గుంపు పక్కనుంచి నడవాల్సిన ఆడమనిషికి ఆ యాభై అడుగులు ఎంత దూరమో అడిగి చూడండి. వాళ్లు ఏమీ అనకపోవచ్చు. అంటారేమోనన్న బిగువే ఆమె రాత్రిని పాడుచేస్తుంది. మందు విషయంలో ప్రభుత్వం కఠినంగా ఉండాలన్న మాట మన దగ్గర ఎవరి నోట వచ్చిందో గుర్తుంది కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ సెగే రాష్ట్రాన్ని 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. తాగినవాడి పక్కన బతకాల్సినవాళ్లే ఎప్పుడూ కట్టుదిట్టం కోరారు. వాళ్లు కోరినదాంట్లో తప్పులేదు. 1997కల్లా ఆ నిషేధాన్ని ఎత్తేశారన్నదీ చరిత్రే. అందరికీ ఒకేలా వేసిన ఆజ్ఞ నిలబడలేదు, దాన్ని కోరిన బాధ మాత్రం తీరలేదు.

పక్కపక్క పార్కులు, వేరువేరు రూళ్లు

సడలింపు కావాలనేవాళ్ల వాదన కూడా తేలికది కాదు. పగలంతా కొండెక్కి దిగి, పిల్లలకు అన్నాలు పెట్టి, నెగడు దగ్గర ఒక బీరు పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరికి హాని చేస్తున్నాడు? టెక్సస్ పశ్చిమ కొసన మెక్సికో సరిహద్దు వెంట బిగ్ బెండ్ నేషనల్ పార్క్ ఉంది. అది కేంద్ర ప్రభుత్వానిది. అక్కడ వయసు నిండినవాడు తన సైటులో కూర్చుని బీరు తాగితే ఎవరూ ఏమీ అనరు. దానికి దగ్గర్లోనే బిగ్ బెండ్ రాంచ్ స్టేట్ పార్క్ ఉంది. అదే రియో గ్రాండ్ నది, అదే ఎడారి, అవే నక్షత్రాలు. అక్కడ అదే బీరును బయటికి కనపడేలా పట్టుకుంటే నిబంధన మీరినట్టు.

నేషనల్ పార్కులు మందు విషయాన్ని గాలికి వదిలేయలేదు. తనకో, పక్కవాడికో, ఆస్తికో ప్రమాదం తెచ్చేంతగా తాగి పార్కులో ఉండటం నేరమని వాటి నిబంధనల్లో రాసి ఉంది. ఫలానా చోట మందు కుదరదని నిషేధించే అధికారం పార్కు సూపరింటెండెంట్‌కు ఉంది. తాగడం ఒకటి, తాగి ప్రమాదంగా మారడం మరొకటి అని ఆ నిబంధన తేడా చూపిస్తుంది. టెక్సస్ శిక్షాస్మృతిలో కూడా ఇదే కొలత ఉంది. బహిరంగ ప్రదేశంలో తాగి ఉండటం మాత్రమే నేరం కాదు, తనకో ఇతరులకో అపాయం కలిగేంతగా తాగి ఉండటం నేరం. స్టేట్ పార్కు నిబంధన ఒక్కటే కప్పు దగ్గర ఆగిపోయింది.

కెనడా ఇంకో దారి పట్టింది, అక్కడ క్యాలెండర్ చూసి కఠినంగా ఉంటారు. మే నెలలో విక్టోరియా డే లాంగ్ వీకెండ్‌కు కుర్రకారు గుంపులుగా పడతారని ఒంటారియోలో చాలా ప్రావిన్షియల్ పార్కులు ఆ రోజుల్లో మందును పూర్తిగా నిషేధిస్తాయి. మిగతా వేసవి అంతా సొంత సైటులో తాగొచ్చు. ఆల్బర్టాలోనూ కొన్ని పార్కుల్లో మే లాంగ్ వీకెండ్ నిషేధం ఉండేది. 2019లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఒంటారియో పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. నిషేధం ఎప్పుడో, ఎక్కడో, ఎందుకో టెంటు సర్దుకునే ముందే ప్రతివాడికీ తెలుస్తుంది.

1970 జులై 4, స్టోన్‌మన్ మెడో

కఠినంగా ఉండటం అంటే ఏమిటో తెలియకుండా కఠినంగా ఉంటే ఏమవుతుందో అమెరికా పార్కులు ఒక సాయంత్రం చూశాయి. ఆ కథ తెలిసినవాళ్లు మనలో తక్కువ.

యోసెమిటీ లోయ మధ్యలో స్టోన్‌మన్ మెడో అనే పచ్చిక మైదానం ఉంది. 1970 వేసవిలో వందల మంది యువతీయువకులు అక్కడ చేరారు. మందు, గంజాయి, పాటలు, రాత్రంతా గోల. చుట్టుపక్కల క్యాంపుల్లోని కుటుంబాలు ఫిర్యాదు చేశాయి, ఆ ఫిర్యాదుల్లో అబద్ధం లేదు. పార్కు అధికారులు సాయంత్రం ఏడు తర్వాత మైదానంలో ఎవరూ ఉండకూడదని ఆంక్ష పెట్టారు. జులై 4న, దేశమంతా సెలవు చేసుకునే రోజున, ఆ గంట దాటింది. కొందరు కదల్లేదు. గుర్రాల మీదున్న రేంజర్లు గుంపులోకి దూసుకెళ్లారు. అవతలివైపు నుంచి రాళ్లు, సీసాలు వచ్చాయి. రేంజర్లు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. బయటి నుంచి అదనపు పోలీసులను రప్పించారు. వందమందికి పైగా అరెస్టయ్యారు.

అప్పటికి రేంజర్లంటే చెట్లు, జంతువులు, కొండదారులు తెలిసిన మనుషులే తప్ప గుంపులను అదుపు చేయడంలో శిక్షణ పొందినవాళ్లు కారు. అలవాటు లేని పనిని, బలం చాలని చోట, గుర్రాల మీద చేయబోయారు. ఆ దెబ్బతో నేషనల్ పార్కుల్లో పోలీసు పనికి ప్రత్యేక శిక్షణ మొదలైంది. 1976లో వచ్చిన చట్టంతో శిక్షణ పొందిన రేంజర్లకు ఆయుధం పట్టుకునే, అరెస్టు చేసే అధికారాలు స్పష్టంగా దక్కాయి. ఈరోజు నేషనల్ పార్కులో మన నెగడు దగ్గరికి వచ్చే యూనిఫాం వెనుక ఆ సాయంత్రం కూడా ఉంది.

స్టోన్‌మన్ మెడోలో తప్పు ఎక్కడ మొదలైందని నన్నడిగితే, ముందటి వారాల్లో అని చెబుతాను. గోల మొదలైన మొదటి రాత్రే ఇద్దరు రేంజర్లు నడిచి వెళ్లి, పేరుపేరునా మాట్లాడి, సీసాలు పగలగొట్టేవాడిని ఒక్కడిని బయటికి పంపి ఉంటే జులై 4న గుర్రాల అవసరం వచ్చేది కాదేమో. శిక్ష ఎంత పెద్దదన్నదాని కన్నా, తప్పు చేస్తే పట్టుబడటం ఎంత ఖాయమన్నదే మనిషిని ఆపుతుందని ఇటలీ న్యాయచింతకుడు బెకారియా 1764లోనే వాదించాడు. నేర పరిశోధకులు ఈరోజుకీ అదే మాట చెబుతున్నారు. వారాల తరబడి చూసీచూడనట్టు ఊరుకుని, ఒక్క సాయంత్రం మాత్రం లాఠీ తీయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అది మన ఊళ్లకూ బాగా తెలిసిన పద్ధతే.

కనికరం ఎవరి చేతిలో ఉంది?

ఇక నేను నమ్మే మాట. కఠినమా, సడలింపా అన్న ప్రశ్న కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. ఆ సడలింపు ఎక్కడ ఉంది, పుస్తకంలోనా, పోలీసు మనసులోనా?

1982 మార్చిలో అట్లాంటిక్ పత్రికలో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ రాసిన 'బ్రోకెన్ విండోస్' వ్యాసం అమెరికా పోలీసు చరిత్రనే మలుపు తిప్పింది. చిన్న తప్పులను ఉపేక్షిస్తే పెద్ద నేరాలు వస్తాయన్న వాదనగానే దాన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. ఆ వ్యాసంలో నూవార్క్ నగరంలో కాలినడకన గస్తీ తిరిగే కెల్లీ అనే పోలీసు కనిపిస్తాడు. ఆయన పేటలో తాగుబోతులు మెట్ల మీద కూర్చోవచ్చు కానీ పడుకోకూడదు. సందుల్లో తాగొచ్చు కానీ పెద్ద కూడలిలో కుదరదు. సీసా కాగితం సంచిలో ఉండాలి. ఈ రూళ్లు ఏ చట్టంలోనూ లేవు. పేటవాళ్లూ ఆయనా కలిసి నడిపించుకున్నవి. టెక్సస్ పార్కులోని ఎర్ర కప్పు, నూవార్క్‌లోని కాగితం సంచి ఒకే ఇంటి బిడ్డలు.

కెల్లీ మంచివాడే కావచ్చు. కానీ ఆయన పేటకు కొత్తగా వచ్చినవాడికి ఆ రూళ్లు ఎలా తెలుస్తాయి? అలవాటైన ముఖానికి దక్కిన చనువు పరాయి ముఖానికి దక్కుతుందా? ఆ వ్యాసం రాసినవాళ్లే ఈ భయాన్ని దాచుకోలేదు. పోలీసు వివక్ష చూపకుండా ఏది కాపాడుతుందన్న ప్రశ్నకు తమ దగ్గర పూర్తి జవాబు లేదని ఒప్పుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో న్యూయార్క్ ఆ సిద్ధాంతాన్ని చిన్న తప్పులన్నిటి మీదా కేసులు పెట్టడంగా మార్చింది. చివరికి 2016లో సిటీ కౌన్సిలే అడుగు వెనక్కి వేసి, వీధిలో మందు తాగడం లాంటి వాటికి క్రిమినల్ సమన్లకు బదులు సివిల్ టికెట్లు ఇచ్చే వీలు కల్పించింది.

టెక్సస్‌లో ఈ విచక్షణ ఎంత దూరం వెళ్లగలదో చూపించే కేసు ఆస్టిన్ దగ్గర్లోని లాగో విస్టాలో జరిగింది. 1997లో గెయిల్ అట్‌వాటర్ అనే తల్లి సీటు బెల్టు పెట్టుకోకుండా, పిల్లలకు పెట్టకుండా కారు నడిపింది. ఆ తప్పుకు గరిష్ఠ శిక్ష 50 డాలర్ల జరిమానా, జైలు లేనే లేదు. పోలీసు ఆమెకు సంకెళ్లు వేసి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జరిమానాతో పోయే తప్పుకైనా పోలీసు అరెస్టు చేయవచ్చని 2001లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. అంటే నెగడు దగ్గర నిలబడిన ఆఫీసర్ చేతిలో ఉన్నది పలకరింపుకూ టికెట్‌కూ మధ్య ఎంపిక ఒక్కటే కాదు. చివరి మెట్టు మీద సంకెళ్లు కూడా ఉన్నాయి. అదే టెక్సస్ చట్టం తాగినవాడిని అరెస్టు చేయకుండా, బాధ్యత తీసుకునే ఒక పెద్దమనిషికి అప్పగించి వదిలేసే వీలూ ఇచ్చింది. ఏది వాడాలన్నది ఆ రాత్రి ఆయన ఇష్టం.

మనవాళ్లకు ఈ తేడా ప్రాణసంకటం. హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీరు వీసా స్టాంపింగ్‌కు నింపే డీఎస్-160 ఫారంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. పౌరసత్వం కోసం పెట్టే ఎన్-400 దరఖాస్తు ఇంకో అడుగు ముందుకెళ్లి, అరెస్టు లేకుండా పోలీసులు ఇచ్చిన సైటేషన్ల గురించీ అడుగుతుంది. తాగి బండి నడిపి అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. పార్కులో బీరు టికెట్ దానితో సమానం కాదు. కానీ పక్క సైటులోని అమెరికా పౌరుడు జరిమానా కట్టి మరుసటి వారానికి మరచిపోయే కాగితాన్ని మనవాడు ఏళ్ల తరబడి ఫైల్లో దాచుకోవాలి, అడిగిన ప్రతి ఫారంలో దానికి వివరణ రాయాలి. తప్పు ఒకటే, బరువు ఒకటి కాదు.

అందుకే ఎవరో ఆఫీసర్ మంచితనం మీద నడిచే సడలింపును నేను సడలింపు అనుకోను. యాస వేరైనప్పుడు, రంగు వేరైనప్పుడు, గుంపు పెద్దదైనప్పుడు, మాట్లాడే భాష అర్థం కానప్పుడు ఆ మంచితనం తగ్గిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తగ్గినప్పుడు ఫిర్యాదు చేయడానికి కూడా చోటు ఉండదు, ఎందుకంటే రూలు పోలీసు పక్షానే ఉంది. అందరూ అతిక్రమించే రూలును పుస్తకంలో ఉంచి, ఎవరి మీద వాడాలో అప్పటికప్పుడు ఎంచుకోవడం బలహీనుడికే నష్టం.

సీసాను అడ్డుకుంటే?

హానిని సూటిగా పట్టుకున్న రూళ్లు ఉన్నాయి. సాన్ ఆంటోనియో దగ్గర న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊళ్లో కొమాల్, గ్వాడలూప్ నదుల్లో గాలి ట్యూబుల మీద తేలుతూ బీరు తాగడం టెక్సస్ వేసవికి ఆనవాయితీ. నది అడుగున డబ్బాలు పేరుకుపోయాయి. 2011లో ఆ ఊరు మందును నిషేధించలేదు, వాడి పారేసే డబ్బాలను, సీసాలను నిషేధించింది. మళ్లీ వాడుకునే పాత్రలో తెచ్చుకుని తాగొచ్చు. ఊరి ఓటర్లు దానికి మద్దతిచ్చారు. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2014లో కింది కోర్టు కొట్టేసింది, 2017లో అప్పీలు కోర్టు తీర్పుతో మళ్లీ అమల్లోకి వచ్చింది. ఆ నది ఒడ్డున పోలీసు ఎవరి కప్పునూ వాసన చూడక్కర్లేదు. చేతిలో డబ్బా ఉందా లేదా, కంటికి కనపడుతుంది.

మన దగ్గర తమిళనాడు ఇంకా తెలివైన పని చేసింది. నీలగిరి అడవుల్లో తాగి పగలగొట్టిన సీసాల గాజుపెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయని మద్రాసు హైకోర్టు పట్టించుకుంది. 2022లో నీలగిరి జిల్లా మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కిచ్చే పద్ధతి మొదలైంది. లాఠీ లేదు, టార్చి లేదు. పారేసిన సీసా పది రూపాయల నోటయ్యేసరికి తాగినవాడు తేకపోయినా ఏరుకునేవాడు తెస్తాడు.

ఈ నీలగిరి సంగతి చదువుతుంటే నాకు లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి, అనంతగిరి గుర్తొస్తాయి. తెల్లవారుజామున మేఘాల సముద్రం చూద్దామని కొండెక్కి టెంట్లు వేసుకునే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా పెరిగింది. మూసీ పుట్టిన అనంతగిరి హైదరాబాద్‌కు వారాంతపు విడిది అయింది. నెగడు, బార్బెక్యూ, డీజే, మందు అన్నీ కలిసి వచ్చే ప్యాకేజీలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. పొద్దున్నే చూస్తే గడ్డిలో గాజు మెరుస్తుంది. ఆ దారిన చెప్పుల్లేకుండా పశువుల వెంట నడిచేది గిరిజన పిల్లలు.

చట్టం మన దగ్గర తక్కువేమీ లేదు. బండి నడిపేవాడికి మన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, టెక్సస్ కన్నా చాలా కట్టుదిట్టం. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తాగి నలుగురిలో అల్లరి చేసేవాడికి పాత శిక్షాస్మృతిలో 1860 నాటి 10 రూపాయల దాకా జరిమానా, 24 గంటల దాకా జైలు మాత్రమే ఉండేవి. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ జరిమానాను 1,000 దాకా పెంచి, సమాజసేవను కూడా శిక్షగా చేర్చింది. ఈ సమాజసేవ అన్న మాటను కొండల మీద వాడి చూడాలని నా కోరిక. వంజంగిలో రాత్రి తాగి గొడవ చేసినవాడు, మర్నాడు అదే కొండ మీద గోనెసంచి పట్టుకుని గాజుపెంకులు ఏరితే, వెయ్యి రూపాయలు కట్టి కారెక్కడం కన్నా ఎక్కువ గుర్తుంటుంది. నీలగిరి సీసా పథకాన్ని పాడేరు, చింతపల్లి, వికారాబాద్ దుకాణాలకు తేవడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఘాట్ రోడ్డు దిగే కార్లను ఉదయం ఏడుకు ఆపి శ్వాస పరీక్ష చేయడానికి హైదరాబాద్ వారాంతపు తనిఖీల్లో వాడే యంత్రమే చాలు. రాత్రి తాగిన మందు తెల్లారేసరికి దిగిపోయిందనుకుని స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఆ రోడ్డు మీదే దొరుకుతారు.

ఇక టెక్సస్ సంగతి. సొంత సైటు హద్దులో, వయసు నిండినవాళ్లు కప్పులో తాగడాన్ని నిబంధనలోనే అనుమతించాలి. నీటి ఒడ్డున, పడవ రేవుల్లో, ఉమ్మడి బాత్రూముల దగ్గర, పార్కు రోడ్ల మీద మందును పూర్తిగా ఆపాలి. అక్కడ మాత్రం టికెట్ తప్పదని బోర్డు పెట్టి, అన్నట్టే రాయాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్ద వేళలు ఇప్పటికే ఉన్నాయి. మొదటి హెచ్చరిక తర్వాత రెండోసారి గోల వినపడితే ఆ సైటు ఖాళీ చేయించాలి, అది తెలుగు సైటైనా సరే. ఎవరిని ఆపారు, ఎవరిని వదిలేశారు అన్న లెక్కను ఏటా పార్కువారీగా బయటపెట్టాలి.

ఇందుకు చట్టసభ దాకా వెళ్లక్కర్లేదు. పార్కు నిబంధనలు చేసేది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్. ఆ కమిషన్ సమావేశాల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, నిబంధనల ప్రతిపాదనల మీద అభిప్రాయం రాసి పంపవచ్చు. అందుకు పౌరసత్వం అడగరు. వేసవికి సైట్లు బుక్ చేసుకునే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటిదాకా మటన్ ఎవరు తెస్తారన్న జాబితాలే తిరుగుతున్నాయి. కమిషన్ సమావేశం తేదీ కూడా ఆ జాబితాలో చేరాలి. అక్కడికి వెళ్లేవాళ్లలో అర్ధరాత్రి పిల్లను ఎత్తుకుని బాత్రూముకు నడిచే ఆడవాళ్లు ముందుండాలి. మూడో ఐస్ పెట్టె సర్దే మగవాళ్లు వాళ్ల వెనకే వెళ్లాలి.